మట్టి నుంచి పరిశ్రమకు: ఎంజైములనిచ్చే బ్యాక్టీరియా వెదుకులాటలో అసలు కష్టం ఎక్కడుంది?

స్టార్చ్ కలిపిన అగార్ ప్లేటుపై మట్టి బ్యాక్టీరియాను ఒకటి రెండు రోజులు పెంచి, పలుచని అయోడిన్ ద్రావణం పోస్తే క్షణాల్లో ప్లేటంతా ముదురు నీలంగా మారిపోతుంది. కొన్ని కాలనీల చుట్టూ మాత్రం నీలం పట్టదు. అక్కడ గుండ్రంగా, తేటగా ఒక వలయం మిగులుతుంది. దాని అంచును దగ్గరగా చూస్తే నీలానికీ తేటదనానికీ నడుమ ఎర్రటి గోధుమ రంగు చార సన్నగా కనిపిస్తుంది. సగం తెగిన స్టార్చ్ గొలుసులు అయోడిన్‌తో కలిసి ఇచ్చే రంగు అది. ఆ కాలనీలోని బ్యాక్టీరియా ఎమైలేజ్ అనే ఎంజైమును బయటికి వదులుతోందనడానికి ఇంతకంటే సులువైన రుజువు లేదు. కళాశాల ప్రయోగశాలలోనైనా సాధ్యమయ్యే ఈ పరీక్షతోనే ఎన్నో పరిశోధనలు మొదలవుతాయి. విచారించవలసిన సంగతి ఏమిటంటే, వాటిలో చాలా భాగం ఆ వలయాన్ని కొలిచి అక్కడే ఆగిపోతాయి. పరిశ్రమకు కావలసినది స్టార్చ్‌ను విరిచే ఎంజైము మాత్రమే కాదు. ఫలానా వేడిలో, ఫలానా క్షారతలో, ఫలానా రసాయనాల మధ్య, అన్ని గంటలపాటు స్టార్చ్‌ను విరుస్తూ ఉండగలిగే ఎంజైము. ఈ షరతులను వెదుకులాట చివర్లో కాకుండా మొదట్లోనే పెట్టినప్పుడు మట్టి ఇచ్చే ఫలితం వేరుగా ఉంటుంది.

మట్టినే ఎందుకు వెదకాలి అన్నదానికి కారణం బ్యాక్టీరియా తిండిలో ఉంది. ఒక గ్రాము సారవంతమైన మట్టిలో కోట్ల సంఖ్యలో, కొన్ని నేలల్లో వందల కోట్లలో బ్యాక్టీరియా కణాలు ఉంటాయి. వాటికి దొరికే ఆహారంలో ఎక్కువ భాగం రాలిన ఆకులు, చనిపోయిన వేళ్లు, పురుగుల పెంకులు, జంతువుల కళేబరాలు. ఇవన్నీ సెల్యులోజ్, స్టార్చ్, కైటిన్, మాంసకృత్తులు, కొవ్వుల రూపంలో ఉన్న పెద్ద పెద్ద అణువులు. కణత్వచాన్ని దాటి ఇంత పెద్ద అణువు లోపలికి రాలేదు కాబట్టి బ్యాక్టీరియా తన ఎంజైమునే బయటికి పంపి, ఆహారాన్ని అక్కడే ముక్కలు చేసి, చక్కెరలుగానో అమైనో ఆమ్లాలుగానో లోపలికి తీసుకుంటుంది. పరిశ్రమకు ఈ అలవాటు ఎంతో కలిసివచ్చింది. కణాలను పగలగొట్టే పని లేకుండా, పెంచిన ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైతేటను వంపుకుంటే ఎంజైము చాలావరకు చేతికి వచ్చినట్టే. బాసిల్లస్ ప్రజాతికి ఈ రంగంలో ఇంత పెద్దపీట దక్కడానికి మొదటి కారణం ఇదే. పరిశ్రమల్లో మెరుగుపరచిన బాసిల్లస్ రకాలు కొన్ని లీటరు ద్రవంలోకి 20 గ్రాములకు పైగా ఎంజైమును విడుదల చేయగలవు.

ఈ వాడుక కొత్తదేమీ కాదు. 1913లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో రోమ్ జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములను బట్టలుతికే పొడిలో కలిపే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఆలోచన గొప్పదే అయినా, సోడా కలిసిన ఘాటైన క్షార ద్రావణంలో క్లోమపు ఎంజైము నిలవలేకపోయింది. దాదాపు అదే కాలంలో బాసిల్లస్ నుంచి తీసిన ఎమైలేజ్‌ను నేత బట్టల గంజి తీయడానికి వాడడం మొదలైంది. ఉతికే పొడిలో ఎంజైముకు నిజమైన స్థానం దొరికింది మాత్రం 1960ల్లో, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ ఇచ్చే, క్షారతను తట్టుకునే ప్రోటియేజ్ (మాంసకృత్తులను విరిచే ఎంజైము) మార్కెట్లోకి వచ్చాకే. రోమ్ ఆలోచనకు లోటల్లా పనిచేసే చోటికి సరిపడే ఎంజైము లేకపోవడమే. నేటి వెదుకులాట అంతా ఆ లోటును ముందుగానే గుర్తించడం మీద ఆధారపడి ఉంది.

మట్టిని ఎక్కడ తీయాలన్నది అందుకే మొదటి శాస్త్రీయ నిర్ణయం అవుతుంది. కొవ్వును విరిచే లైపేజ్ కావాలంటే నూనె మిల్లు వ్యర్థాలు ఇంకిన నేల, మాంసకృత్తులను విరిచే ప్రోటియేజ్ కావాలంటే కబేళా లేదా పాల కేంద్రం పరిసరాల మట్టి, సెల్యులోజ్‌ను విరిచే సెల్యులేజ్ కావాలంటే కుళ్లుతున్న కలప కింది మట్టి అనువైనవి. ఏళ్ల తరబడి ఒకే ఆహారం దొరికిన చోట ఆ ఆహారాన్ని తినగలిగిన జీవులే సంఖ్యలో పెరిగి ఉంటాయి. దీనికి చక్కని నిదర్శనం 2016లో జపాన్ పరిశోధకులు ప్రకటించిన ఇడియోనెల్లా సకాయెన్సిస్. ప్లాస్టిక్ సీసాల పునర్వినియోగ కేంద్రం దగ్గర, పెట్ ప్లాస్టిక్ తునకలతో కలుషితమైన మట్టి, మురుగు, మడ్డి వంటి 250 నమూనాలను వారు సేకరించారు. పెట్ పొరనే ప్రధాన కార్బన్ ఆహారంగా ఇచ్చి పెంచితే, ఆ పొరను తినగలిగిన బ్యాక్టీరియా బయటపడింది.

అయితే స్థలం ఎంపికే సర్వస్వం అనుకోవడం కూడా పొరపాటే. 1968లో జపాన్ సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు కోకి హోరికోషి చేసిన పని ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. అప్పటిదాకా సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు తటస్థ మాధ్యమాల్లోనే పెంచడానికి అలవాటుపడి ఉన్నారు. హోరికోషి తన పరిశోధన సంస్థ ఆవరణలోనే అక్కడా ఇక్కడా తీసిన మామూలు మట్టిని, 1 శాతం సోడియం కార్బొనేట్ కలిపిన క్షార మాధ్యమమున్న 30 పరీక్షనాళికల్లో వేసి ఒక రాత్రి ఉంచాడు. ముప్పై నాళికల్లోనూ సూక్ష్మజీవులు పెరిగాయి. ఆ మట్టి ఉప్పునేలదో సోడా సరస్సుదో కాదు. క్షారతను ఇష్టపడే బ్యాక్టీరియా ఎప్పటినుంచో అక్కడే ఉన్నా, వాటికి సరిపడే మాధ్యమంలో ఎవరూ పెంచి చూడలేదు. ఆ దారిలో దొరికిన క్షార ప్రోటియేజులు, సెల్యులేజులు డిటర్జెంట్ల తయారీని మార్చివేశాయి. అలాంటి బ్యాక్టీరియా ఇచ్చిన మరో ఎంజైము, స్టార్చ్ నుంచి వచ్చే వలయాకారపు చక్కెర అణువులైన సైక్లోడెక్స్‌ట్రిన్‌లను పెద్దఎత్తున, చవకగా తయారుచేయడానికి మార్గం వేసింది. మాధ్యమం పీహెచ్‌ను మార్చడమన్న ఒక్క నిర్ణయం నుంచి ఇంత వచ్చింది.

నమూనా తీసే పనిలో జాగ్రత్తలు కొన్నే గాని తప్పనిసరివి. పైన పేరుకున్న చెత్తను తొలగించి, 5 నుంచి 15 సెంటీమీటర్ల లోతులో శుభ్రపరచిన గరిటెతో మట్టి తీసి, స్టెరైల్ సంచిలో వేసి, వెంటనే వాడనప్పుడు 4 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. తీసిన చోటు, తేదీ, లోతు, నేల పీహెచ్, ఉష్ణోగ్రత సంచి మీదే రాయాలి. ఇది గుమాస్తా పనిలా కనిపించినా, ఏళ్ల తర్వాత ఆ బ్యాక్టీరియా విలువైనదని తేలినప్పుడు మళ్లీ ఆ చోటికి చేర్చగలిగేది ఈ రాతే.

ప్రయోగశాలలో మొదటి అడుగు పలుచన చేయడం. ఒక గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల 0.85 శాతం ఉప్పునీటిలో బాగా కుదిపి, అందులోంచి 1 మిల్లీలీటరును మరో 9 మిల్లీలీటర్లలోకి, అక్కడి నుంచి మరోదానిలోకి మారుస్తూ పోతే ప్రతిసారీ కణాల సంఖ్య పదోవంతుకు తగ్గుతుంది. లక్షవ వంతుకు పలుచనైన నాళిక నుంచి 0.1 మిల్లీలీటరు ప్లేటుపై పరిచినప్పుడు 64 కాలనీలు వచ్చాయనుకుంటే, 64ను పదితోనూ లక్షతోనూ గుణించగా గ్రాము మట్టికి 6 కోట్ల 40 లక్షల బ్యాక్టీరియా లెక్క తేలుతుంది. 30 నుంచి 300 కాలనీల మధ్య ఉన్న ప్లేట్లనే లెక్కకు తీసుకోవడం ఆనవాయితీ. అంతకంటే తక్కువైతే లెక్క యాదృచ్ఛికమవుతుంది, ఎక్కువైతే కాలనీలు ఒకదాని మీద ఒకటి పడి ఏది ఏదో తెలియకుండా పోతుంది.

ఈ దశలోనే చిన్న చిన్న ఒత్తిళ్లు పెట్టి అనవసరమైన జీవులను వడగట్టవచ్చు. మట్టి ద్రావణాన్ని 80 డిగ్రీల వేడిలో 10 నిమిషాలు ఉంచితే మామూలు కణాలు చాలావరకు చనిపోయి, బాసిల్లస్ వంటివాటి సిద్ధబీజాలు (వేడిని తట్టుకునే నిద్రాణ రూపాలు) మిగులుతాయి. కావలసిన పదార్థాన్నే ప్రధాన ఆహారంగా ఇచ్చి కొన్ని రోజులు ద్రవంలో పెంచడం మరో మార్గం. సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు బైయరింక్, వినోగ్రాడ్‌స్కీలు పందొమ్మిదో శతాబ్ది చివరలో రూపుదిద్దిన ఈ పద్ధతి నేటికీ పదును కోల్పోలేదు. దీనికి ఒక లోపం ఉంది. ద్రవంలో పోటీ నడిచేది ఎంజైము నాణ్యతలో కాదు, పెరుగుదల వేగంలో. ఎంజైమును ఎవరు వదిలినా, విరిగిన చక్కెర చుట్టూ ఉన్న అందరికీ అందుతుంది కాబట్టి, ఎంజైమే తయారుచేయకుండా ఆ చక్కెరను వేగంగా తినే జీవి ముందుకు రావడం మామూలే. అందుకే ద్రవంలో పెంచినవాటిని విడివిడి కాలనీలుగా మళ్లీ పరీక్షించవలసి ఉంటుంది.

ప్లేటుపై వలయం చూపే పరీక్షలు ఒక్కో ఎంజైముకు ఒక్కో రకం. ప్రతిదానిలోనూ దారితప్పించే మలుపు ఒకటి ఉంది కాబట్టి ఇక్కడ కాస్త నిలవాలి. వెన్న తీసిన పాలు కలిపిన అగార్‌పై ప్రోటియేజ్ ఇచ్చే కాలనీ చుట్టూ తెల్లదనం పోయి వలయం ఏర్పడుతుంది. అయితే ఆమ్లాన్ని వదిలే కాలనీ కూడా పాలలోని కేసీన్‌ను కరిగించి అలాంటి వలయాన్నే చూపవచ్చు. కేసీన్‌ను అవక్షేపంగా దిగేలా చేసే ఆమ్ల ద్రావణం పోసి చూస్తే నిజమైన విచ్ఛిత్తి ఏదో తేలుతుంది. ట్రైబ్యుటిరిన్ అగార్‌పై వచ్చే వలయాన్ని లైపేజ్ అని రాసేయడం మరీ తరచుగా జరిగే పొరపాటు. ట్రైబ్యుటిరిన్ పొట్టి గొలుసుల కొవ్వు. దానిని మామూలు ఎస్టరేజ్ కూడా విరవగలదు. పొడవు గొలుసుల నూనెను విరిచేదే నిజమైన లైపేజ్ కాబట్టి, ఆలివ్ నూనె, రోడమిన్ బి కలిపిన ప్లేటుపై అతినీలలోహిత కాంతిలో నారింజ రంగు మెరుపు కనిపిస్తుందో లేదో చూడాలి. సెల్యులేజ్ విషయంలో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ప్లేటుపై కాంగో రెడ్ రంగు పోసి, ఉప్పు ద్రావణంతో కడిగితే ఎర్రటి నేపథ్యంలో లేతరంగు వలయం వస్తుంది. కాని కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ నీటిలో కరిగేలా మార్చిన పదార్థం. దానిని విరిచే బ్యాక్టీరియా గడ్డిలోనో కర్రలోనో ఉండే గట్టి స్ఫటిక సెల్యులోజ్‌ను ముట్టుకోకపోవచ్చు. వ్యవసాయ వ్యర్థాల నుంచి ఇంధనం తీయాలన్న లక్ష్యంతో మొదలై ఈ వలయం దగ్గరే ముగిసిన పరిశోధన, తన లక్ష్యాన్ని అసలు పరీక్షించనే లేదన్నమాట.

వలయం కొలతను కాలనీ వ్యాసంతో భాగించి, వచ్చిన అంకె ప్రకారం బ్యాక్టీరియాకు ర్యాంకులు ఇవ్వడం ఇంకొక అలవాటు. వలయం వెడల్పు ఎంజైము పరిమాణం మీదే కాదు, అగార్ మందం మీద, ఎంజైము అణువు ఎంత చిన్నదన్నదాని మీద, కాలనీ వయసు మీద కూడా ఆధారపడుతుంది. నెమ్మదిగా పెరిగి చిన్న కాలనీగా ఉండిపోయిన బ్యాక్టీరియాకు ఈ నిష్పత్తి పెద్దదిగా వస్తుంది. వలయాన్ని అవును, కాదు అని చెప్పే పరీక్షగా తీసుకుని, ఉత్తీర్ణమైనవన్నిటినీ ద్రవ మాధ్యమంలో కొలవడం సబబైన పని. పైగా కొన్ని విలువైన ఎంజైములు వలయాన్ని చూపనే చూపవు. మట్టి నుంచి వేరుచేసిన రోడోకోకస్ రోడోక్రోస్ జె1 బ్యాక్టీరియాలోని నైట్రైల్ హైడ్రటేజ్ (నైట్రైల్ అనే రసాయనాలకు నీటిని చేర్చి అమైడ్‌లుగా మార్చే ఎంజైము) కణం లోపలే ఉంటుంది. క్యోటో విశ్వవిద్యాలయంలో హిదెయాకి యమదా బృందం నైట్రైళ్లను తినగలిగే జీవుల కోసం చేసిన సుదీర్ఘ అన్వేషణలో ఈ శ్రేణి ఎంజైములు వెలుగులోకి వచ్చాయి. 1991 నుంచి జె1 రకం అక్రిలమైడ్ పారిశ్రామిక ఉత్పత్తిలో పనిచేస్తోంది. రంగు వలయాల కోసమే చూసే కళ్లకు అది దొరికి ఉండేది కాదు.

ద్రవంలో కొలిచేటప్పుడు ఎమైలేజ్, సెల్యులేజ్, మొక్కల కణగోడల్లోని జైలాన్‌ను విరిచే జైలనేజ్‌లకు డీఎన్‌ఎస్ (డైనైట్రోసాలిసిలిక్ ఆమ్లం) పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది. ఎంజైము విడుదల చేసిన చక్కెరతో కలిపి మరిగిస్తే పసుపు రంగులోని ఈ ఆమ్ల ద్రావణం నారింజ, ఎరుపుల్లోకి మారుతుంది. ఆ రంగును 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. నిమిషానికి ఒక మైక్రోమోల్ చక్కెరను విడుదల చేసే ఎంజైము పరిమాణం ఒక యూనిట్. పెంచిన ద్రవంలో ముందే మిగిలి ఉన్న చక్కెర కూడా ఇదే రంగునిస్తుంది కాబట్టి, మరిగించి చంపిన ఎంజైముతో సమాంతరంగా ఒక నాళిక నడపకపోతే లేని ఎంజైము ఉన్నట్టు కనబడుతుంది. గరిష్ఠ ఉష్ణోగ్రత అని వ్యాసాల్లో రాసే అంకె విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. 10 నిమిషాల పరీక్షలో 70 డిగ్రీల దగ్గర అత్యధికంగా పనిచేసిన ఎంజైము, అదే వేడిలో గంట గడిచేసరికి పూర్తిగా నశించి ఉండవచ్చు. పరిశ్రమ అడిగేది రెండో అంకె: ఆ వేడిలో ఎంజైము శక్తి సగానికి పడిపోవడానికి ఎంతసేపు పడుతుంది అని.

ఒక్కో పరిశ్రమ అడిగేది ఒక్కోలా ఉంటుంది. స్టార్చ్ నుంచి చక్కెర పాకం తీసే కర్మాగారంలో చిక్కని స్టార్చ్ ముద్దను 105 డిగ్రీల ఆవిరిలో కొన్ని నిమిషాలు, ఆపైన 95 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఉంచుతారు. బాసిల్లస్ లైకెనిఫార్మిస్ ఎమైలేజ్ దీనిని తట్టుకుంటుంది. చిత్రమేమిటంటే ఆ బ్యాక్టీరియా స్వయంగా అంత వేడిలో బతకజాలదు. మామూలు మట్టిలో, మామూలు వేడిలో పెరిగే జీవి అది. జీవి పెరిగే ఉష్ణోగ్రతను బట్టి ఎంజైము ఓర్పును అంచనా కట్టడం ఎందుకు చాలదో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. కాగితం గుజ్జును తెలుపు చేయడంలో జైలనేజ్ వాడితే క్లోరిన్ రసాయనాల అవసరం తగ్గుతుంది, అయితే ఆ ద్రావణంలో సెల్యులేజ్ ఆనవాలు కూడా ఉండకూడదు, ఉంటే నారే బలహీనపడుతుంది. తోళ్ల పరిశ్రమలో వెంట్రుకలు ఊడదీసే ప్రోటియేజ్, తోలుకు బలాన్నిచ్చే మాంసకృత్తైన కొలాజెన్ జోలికి పోకూడదు, పోతే తోలే పాడవుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఎంజైము ఏం చేయకూడదో పరీక్షించడం, ఏం చేస్తుందో పరీక్షించడంతో సమానమైన పని. పాల ప్లేటుపై అన్నిటికంటే పెద్ద వలయం చూపిన బ్యాక్టీరియా తోళ్ల పనికి అన్నిటికంటే పనికిరానిది కావచ్చు.

మంచి బ్యాక్టీరియా దొరికాక దాని పేరు తేల్చాలి. గ్రామ్ రంజనం, జీవరసాయన పరీక్షలతో పాటు దాదాపు 1,500 డీఎన్‌ఏ అక్షరాల పొడవున్న 16ఎస్ జన్యువును (బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే రైబోజోము ఆర్‌ఎన్‌ఏ జన్యువు) చదివి నిల్వ సమాచారంతో పోల్చడం ఇప్పటి పద్ధతి. ఇది చాలాసార్లు ప్రజాతి దాకా భద్రంగా తీసుకువెళుతుంది, జాతి దగ్గర మాత్రం తడబడుతుంది. ఆహారాన్ని విషపూరితం చేసే బాసిల్లస్ సీరియస్, ఆంత్రాక్స్ కలిగించే బాసిల్లస్ ఆంత్రాసిస్, పురుగుమందుగా వాడే బాసిల్లస్ తురింజియెన్సిస్‌ల 16ఎస్ జన్యువులు దాదాపు ఒక్కటే. మట్టిలో సీరియస్ వర్గం విరివిగా ఉంటుంది, ప్రోటియేజ్‌నూ బాగానే ఇస్తుంది. అందువల్ల పాల ప్లేట్లపై మెరిసిన బాసిల్లస్‌ను పారిశ్రామిక అభ్యర్థిగా ప్రకటించే ముందు పూర్తి జన్యుపటం చదివి, విషాల జన్యువులు లేవని చూడడం బాధ్యత. ఎంజైము కూడా మాంసకృత్తే కనుక అలర్జీ ప్రమాదం వేరే ఉంది. 1960ల చివర డిటర్జెంట్ కర్మాగారాల్లో ఎంజైము ధూళి పీల్చిన కార్మికులకు ఉబ్బసం వచ్చింది. ఎంజైమును పొడిగా కాకుండా పూత పూసిన గుళికలుగా చేయడం ఆ తర్వాతే నియమంగా మారింది.

దిగుబడి పెంచే దశ గురించి వ్యాసాలు ఎక్కువే ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఒక్క మాట చాలు. గ్లూకోజ్ వంటి సులువైన చక్కెర ఎక్కువగా ఉంటే బ్యాక్టీరియా ఎమైలేజ్ తయారీనే ఆపేస్తుంది. అందుకే మాధ్యమంలో చక్కెరను కొద్దికొద్దిగా అందించడం, సోయా పిండి, గోధుమ తవుడు వంటి నెమ్మదిగా అరిగే చవక పదార్థాలు వాడడం మేలు. ఫ్లాస్కులో బాగా పండిన బ్యాక్టీరియా పెద్ద ఫెర్మెంటర్‌లో ఆక్సిజన్ అందక, నురగ పొంగి నిరాశపరచడం తరచుగా జరుగుతుంది. ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే ఎంజైము ఇచ్చే గుణమే క్షీణించవచ్చు కనుక, దొరికిన మొదటి వారంలోనే గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర నిల్వ చేయాలి.

ఈ పద్ధతులన్నిటికీ ఒక హద్దు ఉంది. సూక్ష్మదర్శినిలో కనిపించే మట్టి బ్యాక్టీరియాలో మామూలు ప్లేట్లపై కాలనీలుగా పెరిగేవి 1 శాతం దాకానే ఉంటాయని సాధారణ అంచనా. మిగిలినవాటిని పెంచకుండానే, మట్టి నుంచి నేరుగా డీఎన్‌ఏ తీసి ఎంజైము జన్యువులను వెదికే మెటాజీనోమిక్స్ 1998లో ఆ పేరు పెట్టుకుని వేగంగా ఎదిగింది. ఇప్పుడు పరిశ్రమలో వాడే ఎంజైముల్లో చాలావాటి జన్యువులను అసలు జీవి నుంచి తీసి, పెంచడానికి అలవాటైన మరో జీవిలో పెట్టి ఉత్పత్తి చేస్తున్నారు. అవసరమైతే అమైనో ఆమ్లాలనూ మారుస్తున్నారు. బాసిల్లస్ ఇచ్చే ప్రోటియేజ్ అయిన సబ్‌టిలిసిన్‌లో 222వ స్థానంలోని మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం బ్లీచ్‌కు ఆక్సీకరణం చెంది ఎంజైము చచ్చుబడుతోందని తెలిశాక, ఆ ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి బ్లీచ్‌ను తట్టుకునేలా చేసిన పరిశోధన 1985లో వెలువడింది. అలాగని బ్యాక్టీరియాను పెంచి వేరుచేసే పాత పని అక్కరలేనిదైపోలేదు. జన్యువుల వరుసను చూసి వెదికేవారికి ఇప్పటికే తెలిసిన ఎంజైములను పోలినవే ఎక్కువగా దొరుకుతాయి. ఎవరూ ఊహించని పని చేసే ఎంజైమును గుర్తించాలంటే ఆ పని కళ్లెదుట జరగాలి. ప్లాస్టిక్ పొరను తిన్న బ్యాక్టీరియా అలాగే తెలిసింది.

మట్టి ఎవరిది అన్న ప్రశ్న కూడా ఇప్పుడు ఈ పనిలో భాగమే. 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం, 2014లో అమలులోకి వచ్చిన నగోయా ఒడంబడిక ప్రకారం జన్యు వనరులపై ఆయా దేశాలకు హక్కు ఉంది. ఒక దేశపు మట్టిలోని బ్యాక్టీరియాను వాడుకునేవారు ఆ దేశ చట్టం కోరితే ముందస్తు అనుమతి తీసుకోవాలి, లాభంలో వాటాపై ఒప్పందం చేసుకోవాలి. పేటెంట్ కోరేవారు 1977 నాటి బుడాపెస్ట్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన నిల్వ కేంద్రంలో ఆ బ్యాక్టీరియాను జమ చేస్తే సభ్యదేశాలన్నిటిలోనూ ఆ ఒక్క జమ చెల్లుతుంది. అనుమతి లేకుండా తీసిన నమూనా నుంచి ఎంత గొప్ప ఎంజైము వచ్చినా దానిని అమ్ముకోవడం చిక్కులపాలవుతుంది. సంచి మీద రాసిన చోటు, తేదీల పక్కన అనుమతి పత్రం సంఖ్య కూడా ఉండవలసింది ఇందుకే; గరిట మట్టిని తాకకముందే ఆ పత్రం చేతిలో ఉండాలి.